విప్పి చూస్తేగాని తెలియదు

కారు ఆగిపోవడంలో రెండు రకాలున్నవి. పెట్రోలు అయిపోయో, ప్లగ్గు తడిసిపోయో, ఎక్కడో ఒక తీగె ఊడిపోయో ఆగిపోవడం మొదటి రకం. ఇది పసిపిల్లవాడి అలక వంటిది. కాస్త బుజ్జగిస్తే లేచి పరుగెత్తుతుంది. ఇక రెండవ రకం వున్నది. నిక్షేపంగా పోతూ పోతూ వున్న కారు కడుపులోనుంచి ‘ఠక్ ఠక్’మని సుత్తితో కొట్టినట్టు చప్పుడు మొదలవుతుంది. ఎదురుగా వున్న గడియారంలో నూనె ఒత్తిడి చూపే ముల్లు దిగజారుతుంది. డ్రైవరు తేరుకునే లోపలే ఒక పెద్ద మోత, దాని వెనుక పొగ, ఆ వెనుక నిశ్శబ్దం. ఈ రెండవ రకం బుజ్జగింపులకు లొంగదు. ఇంజనును బయటికి తీసి, నట్టు నట్టూ విప్పి, లోపల ఏం జరిగిందో కళ్ళారా చూడవలసిందే.

కొత్త కారైతే ఈ బాధ లేదు. కంపెనీవారు ఇంజను మొత్తం మార్చి బిల్లు చేతిలో పెడతారు. అరవై ఏళ్ళనాటి స్పోర్ట్సు కారు సంగతి అలా కాదు. దాని ఇంజనే దాని ఆయువుపట్టు. ఆ దిమ్మె మీద కొట్టిన నంబరూ, ఫ్యాక్టరీ రికార్డులోని నంబరూ ఒకటైతే ఆ కారుకు ఒక గౌరవం, ఒక విలువ. ఆ దిమ్మె పనికిరాదని తేలిన రోజున కారు నడవవచ్చునేమోగాని, పుట్టినప్పటి కారు మాత్రం కాదు. అందుచేత ఇంజను విప్పే మనిషి చేతిలో వుండేది పానా ఒక్కటే కాదు. ఆ కారు జాతకం కూడా.

ఉదాహరణకు ఒక కారును తీసుకుని ఈ పని ఎలా సాగుతుందో చూద్దాం. ఆ కారు పేరు ఎంజీబీ.

మోరిస్ గరాజుల సంతానం

ఎంజీ అనే రెండక్షరాలు ‘మోరిస్ గరాజెస్’ అన్న మాటకు పొట్టిరూపం. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు నగరంలో విలియం మోరిస్ అనే వ్యాపారికి వున్న మోటారు షెడ్ల పేరది. 1921లో అక్కడ ఉద్యోగంలో చేరిన సిసిల్ కింబర్ అనే ఆయన, మామూలు మోరిస్ కార్లకు అందమైన తొడుగులు తొడిగి, చురుకుదనం నేర్పి అమ్మడం మొదలుపెట్టాడు. ఎనిమిది పలకల చట్రంలో ఎం, జీ అక్షరాలు వున్న ముద్ర 1924 నాటికి వెలసింది. 1929లో ఫ్యాక్టరీ ఆబింగ్డన్ అనే చిన్న ఊరికి మారింది. ఆ ఊళ్ళోనే 1962 నుంచి 1980 వరకు ఎంజీబీ తయారైంది. మొత్తం మీద అయిదు లక్షలకు పైగా తయారైనవి. 1980లో ఆబింగ్డన్ ఫ్యాక్టరీ మూతపడింది. ఈనాడు మన రోడ్ల మీద తిరుగుతున్న ఎంజీ కార్లకూ వీటికీ పేరొక్కటే చుట్టరికం. ఆ పేరు ఈ శతాబ్దంలో చైనా కంపెనీల చేతికి వెళ్ళింది.

రెండు సీట్లు, తీసి మడిచే గుడ్డకప్పు, నేలకు ఆనుకున్నట్టుండే ఎత్తు — ఇదీ ఎంజీబీ. ఇంజను 1798 సీసీ, నాలుగు సిలిండర్లు, 95 అశ్వశక్తి. ఈనాటి లెక్కలో ఇది పెద్ద బలమేమీ కాదు. అయితే కారు తేలిక, సీటు నేలకు దగ్గర. అందువల్ల అరవై మైళ్ళ వేగం తొంభై మైళ్ళలా అనిపిస్తుంది. స్పోర్ట్సు కారు సుఖమంతా ఆ అనిపించడంలోనే వున్నది.

ఈ ఇంజనుకు మన దేశంలో ఒక దగ్గరి చుట్టం వున్నది. ఎవరో కాదు, మన అంబాసిడరే! బ్రిటిష్ మోటార్ కార్పొరేషను వారి ‘బీ సీరీస్’ అనే ఇంజను కుటుంబంలో 1489 సీసీ ఇంజను ఒకటి. అంబాసిడరు బానెట్టు కింద దశాబ్దాల తరబడి పనిచేసింది అదే. 1955లో వచ్చిన ఎంజీఏ అనే స్పోర్ట్సు కారుకు పెట్టినది కూడా ఆ 1489 సీసీ ఇంజనే. రెండు కార్బొరేటర్లు తగిలించి కాస్త పదును పెట్టారు. దాన్నే మరికాస్త పెంచితే ఎంజీబీ ఇంజను. కాబట్టి విజయవాడ ఆటోనగరులో అంబాసిడరు ఇంజన్లు విప్పి బిగించి తలనెరిసిన మేస్త్రీని తీసుకుపోయి ఎంజీబీ ముందు నిలబెడితే, ఆయన కొత్తచోటికి వచ్చినట్టు అనుకోడు. మేనమామ ఇంటికి వచ్చినట్టే అనుకుంటాడు.

విప్పకముందే అడగవలసిన ప్రశ్నలు

మంచి వైద్యుడు రోగి పొట్ట కోసే ముందు నాడి చూస్తాడు, నాలుక చూస్తాడు. ఇంజనుకూ అంతే. ఒకసారి విప్పిన తరువాత కొన్ని సాక్ష్యాలు మళ్ళీ దొరకవు.

మొదటి సాక్షి నూనె. సంప్‌లోని నూనెను శుభ్రమైన పళ్ళెంలోకి దింపి వెలుతురులో చూడాలి. నూనె మజ్జిగలా తెల్లగా చిక్కబడి వున్నదంటే అందులో నీరు కలిసిందన్నమాట. హెడ్డుకూ దిమ్మెకూ మధ్య వుండే గాస్కెట్టు కాలిపోయి వుండాలి, లేదా ఎక్కడో ఇనుము పగిలి వుండాలి. నూనెలో మెరిసే రజను వుంటే అయస్కాంతం పెట్టి చూడాలి. అంటుకుంటే అది ఇనుము. క్రాంకుషాఫ్టో, రింగులో, టాపెట్లో అరిగినట్టు. అంటుకోకుండా బూడిదరంగుగా మెరిస్తే అల్యూమినియం; పిస్టన్లు గీచుకున్నట్టు. రాగిరంగు కనిపించిందా, బేరింగుల పైపూత అరిగి లోపలి పొర బయటపడినట్టు. నూనె ఫిల్టరును కోసి, దాని కాగితపు మడతలు విప్పి చూస్తే ఇవే సంగతులు ఇంకా వివరంగా తెలుస్తవి.

రెండవ సాక్షి ఒత్తిడి. ఇంజను ఇంకా తిరుగుతూ వుంటే ఒక్కొక్క ప్లగ్గూ తీసి, ఆ రంధ్రంలో కంప్రెషన్ గేజి పెట్టి కొలుస్తారు. పక్కపక్కనే వున్న రెండు సిలిండర్లలో ఒత్తిడి పడిపోయిందంటే ఆ రెంటికీ నడుమ గాస్కెట్టు కాలిందని అనుమానించాలి. ఒకే సిలిండరులో పడిపోతే ఒక చెంచాడు నూనె అందులో పోసి మళ్ళీ కొలవాలి. నూనె పోయగానే ఒత్తిడి పెరిగితే తప్పు రింగులది. పెరగకపోతే తప్పు వాల్వులది. ఎంత చిన్న ఉపాయం! అయినా లోపల చూడకుండానే దొంగ ఏ గదిలో దాక్కున్నాడో చెప్పేస్తుంది.

మూడవ సాక్షి చప్పుడు. బేరింగు పోయిన చప్పుడు లోతుగా, బరువుగా వుంటుంది. టాపెట్ చప్పుడు తేలికగా, కుట్టుమిషను కొట్టుకున్నట్టుంటుంది. అయితే బేరింగు చప్పుడని అనుమానం కలిగినప్పుడు పదే పదే వినాలని ఇంజనును తిప్పడం మాత్రం ఆత్మహత్యాసదృశం. తిప్పిన ప్రతి నిమిషమూ క్రాంకుషాఫ్టును మరికాస్త కొరుక్కు తింటుంది.

బయటికి తీయడం

చదునైన నేల, మంచి వెలుతురు, పక్కన ఒక తోడు — ఈ మూడూ లేనిదే పని మొదలుపెట్టరాదు. వెనుకటి మేస్త్రీలు ప్రతి తీగె ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసుకునేవారు. ఈ రోజుల్లో చేతిలో ఫోను వున్నది. విప్పే ప్రతి కీలు దగ్గరా ఒక ఫొటో తీసుకుంటే మూడు నెలల తరువాత తలబాదుకోనక్కరలేదు.

మొట్టమొదట బ్యాటరీ. ఎంజీబీలో ఇదొక తమాషా. 1970ల నడిమి వరకు వచ్చిన కార్లలో ఒక్క పన్నెండు వోల్టుల బ్యాటరీకి బదులు ఆరేసి వోల్టులవి రెండు, సీట్ల వెనుక గూటిలో వుంటవి. అంతేకాదు, 1967 వరకు వచ్చిన కార్లలో పాజిటివ్ కొసే కారు శరీరానికి కలిపివుంటుంది. ఈనాటి కార్లతో పోలిస్తే తలక్రిందులన్నమాట. అలవాటుకొద్దీ చేయి పెట్టకుండా, శరీరానికి కలిసిన కొస ఏదో చూచి, దాన్ని ముందు విప్పాలి.

తరువాత బానెట్టు. దాని కీళ్ళు ఎక్కడ బిగిసివున్నవో పెన్సిలుతో గీత గీచి, ఇద్దరు చెరొకవైపు పట్టి ఎత్తాలి. ఆ గీతలే తిరిగి బిగించేటప్పుడు గంటల పని తగ్గిస్తవి. పిమ్మట రేడియేటరులోనూ దిమ్మెలోనూ వున్న నీటిని దింపాలి. ఇక్కడ ఇంట్లో పిల్లలున్నవారు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటున్నది. ఆ నీటిలో గడ్డకట్టకుండా కలిపే ద్రవం సామాన్యంగా ఇథిలీన్ గ్లైకాల్. రుచికి తీపి, గుణానికి విషం. పళ్ళెంలో వదిలేస్తే కుక్కో, పసిపిల్లో నోట పెట్టుకునే ప్రమాదం వున్నది. దింపిన వెంటనే డబ్బాలో పోసి మూత బిగించాలి.

రేడియేటరు, దానికి పోయే రబ్బరు గొట్టాలు, వున్నట్టయితే ఆయిలు కూలరు — ఇవి వరుసగా బయటికి వస్తవి. ఎడమవైపున రెండు ఎస్.యు. కార్బొరేటర్లు వుంటవి. ఆ పేరుకు అర్థం ‘స్కినర్స్ యూనియన్’. స్కినర్ సోదరులు పెట్టిన కంపెనీ అది. పెట్రోలు గొట్టం విప్పగానే దాని నోరు మూసివేయాలి. దగ్గరలో బీడీ, సిగరెట్టు, కిరసనాయిలు స్టవ్వు ఏదీ వుండరాదని వేరే చెప్పనక్కరలేదు. అదే పక్కన, కిందుగా వుండే పొగగొట్టం నట్లు ఏళ్ళ తరబడి కాలి కాలి బిగుసుకుపోయి వుంటవి. బలప్రయోగం చేస్తే స్టడ్డు విరుగుతుంది. ముందు రోజు రాత్రి చొచ్చుకుపోయే నూనె వేసి వదిలేస్తే, తెల్లవారేసరికి చాలావరకు మాట వింటవి.

కుడివైపున డిస్ట్రిబ్యూటరు, డైనమో, స్టార్టరు మోటారు. వీటి తీగెలు విప్పి చీటీలు కట్టాలి. పాత ఎంజీబీలలో నీటి వేడిని చూపే గడియారానికీ, హెడ్డుకూ మధ్య తలవెంట్రుక మందాన బోలు వున్న లోహపు గొట్టం ఒకటి వుంటుంది. అది మడతపడినా, తెగినా గడియారం శాశ్వతంగా చచ్చినట్టే. దాన్ని చుట్టచుట్టి ఒక పక్కన జాగ్రత్తగా కట్టివుంచాలి.

ఇప్పుడొక నిర్ణయం. గేరుబాక్సును కారులోనే వుంచి ఇంజనును మాత్రం తీయడమా, రెంటినీ కలిపి తీయడమా? విడిగా తీస్తే బరువు తగ్గుతుంది. కాని ఇంజనును తిన్నగా ముందుకు లాగాలి. గేరుబాక్సు ఇరుసు క్లచ్చు నడిబొడ్డులో వున్నంతసేపూ ఇంజను బరువు దాని మీద పడరాదు. పడితే ఆ ఇరుసో, క్లచ్చుప్లేటో వంకరపోతుంది. రెంటినీ కలిపి తీస్తే ఆ భయం లేదు. అయితే గేరుకర్ర, వెనుక చక్రాలకు పోయే పొడుగు ఇరుసు, క్లచ్చు గొట్టం, స్పీడోమీటరు తీగె, కింది అడ్డదూలం ఇవన్నీ విప్పాలి. మొత్తం సరంజామా ముక్కు పైకెత్తి నిటారుగా వంచితేగాని బయటికి రాదు.

గొలుసు కప్పీ కట్టి ఎత్తేటప్పుడు ఒక్కటే సూత్రం: వేలాడుతున్న ఇంజను కింద తల కాదుగదా, వేలు కూడా వుండరాదు. దిమ్మె, హెడ్డు రెండూ పోత ఇనుమువే. గొలుసు జారితే దానికి మన మీద జాలి వుండదు. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కిందికి దూరడం కూడా అంత తెలివితక్కువ పనే. దిట్టమైన స్టాండ్లు పెట్టి తీరాలి.

క్లచ్చు విడిపోయినప్పుడు లోపల పొరలుగా పట్టిన నల్లని దుమ్ము కనిపిస్తుంది. దాన్ని గాలి కొట్టి ఊదడం వెనుకటి అలవాటు. ఆ రోజుల్లో క్లచ్చు, బ్రేకు పట్టీలలో ఆస్‌బెస్టాస్ వాడేవారు. దాని దుమ్ము ఊపిరితిత్తులలో చేరితే ఏళ్ళు గడిచాక ప్రాణం మీదికి వస్తుంది. ఇంగ్లండులో 1999లో దాన్ని పూర్తిగా నిషేధించారు. పాత కారు దగ్గర మాత్రం అది ఇంకా వుండవచ్చునని అనుకునే పని చేయాలి: తడిగుడ్డతో తుడవాలి, ఊదరాదు.

లోపలి ఊరు

ఇంజనును స్టాండుకు బిగించిన తరువాత అసలు పని మొదలవుతుంది. పైనుంచి కిందికి రావాలి. పైమూత తీస్తే రాకర్లు వరుసగా దర్శనమిస్తవి. ఇక్కడ తెలియనివారు దెబ్బతినే చోటు ఒకటున్నది. ఎంజీబీ హెడ్డును పట్టివుంచే నట్లు పదకొండు. వాటిలో నాలుగు ఈ రాకర్ల సామానును కూడా కలిపి బిగిస్తవి. రాకర్లు మాత్రమే తీస్తున్నామనుకుని ఆ నాలుగింటినీ విప్పేస్తే హెడ్డు మీద ఒత్తిడి ఒకపక్కకు ఒరిగి అది వంగే ప్రమాదం వున్నది. పదకొండింటినీ వరుసక్రమంలో, కొద్దికొద్దిగా, చుట్టు తరువాత చుట్టు వదులుచేయాలి.

రాకర్ల కింద ఎనిమిది పుష్‌రాడ్లు. చూడటానికి అన్నీ ఒకటే. కాని ఒక్కొక్కటీ తన టాపెట్‌తోనూ, తన రాకరుతోనూ ఏళ్ళ తరబడి కాపురం చేసి ఒకదానికొకటి ఒదిగిపోయి వుంటవి. అట్టముక్కకు ఎనిమిది చిల్లులు పొడిచి, ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు వేసి, వచ్చినది వచ్చినట్టు గుచ్చాలి. మిగతా సామాను చీటీలంటించిన డబ్బాలలో. వంటింటి పోపులపెట్టెను చూచి నేర్చుకోవలసిన విద్య ఇది: ఆవాలు ఆవాల గిన్నెలో, మెంతులు మెంతుల గిన్నెలో.

హెడ్డును ఎత్తగానే గాస్కెట్టు కనిపిస్తుంది. ప్రెషరు కుక్కరు మూత కింద రబ్బరు చుట్టు చేసే పనే ఇదీ చేస్తుంది. కాకపోతే ఇది ఆపవలసింది ఆవిరిని కాదు, మంటను. రెండు సిలిండర్ల నడుమ వంతెనలాంటి సన్నని చోట నల్లగా కాలి, ముక్క ఎగిరిపోయి వుంటే దొంగ దొరికినట్టే. అప్పుడు హెడ్డు అడుగున ఉక్కు బద్ద నిలబెట్టి, సందులో ఫీలరు గేజి దూరుతుందేమో చూస్తారు. వంపు కొద్దిగా వుంటే యంత్రం మీద చెక్కించి చదును చేయవచ్చు. ఎంజీబీ హెడ్డులో నాలుగు సిలిండర్లకు మూడే పొగదారులు. మధ్య రెంటికీ కలిపి ఒకటే దారి. అందుచేత మధ్యభాగానికి వేడి ఎక్కువ. పగుళ్ళు వెతికేటప్పుడు మధ్య రెండు గదుల్లో వాల్వు పీటల నడుమ చోటును మొదట చూడటం అనుభవజ్ఞుల అలవాటు.

ఇప్పుడు ఇంజనును తలక్రిందులు చేసి సంప్ విప్పాలి. అడుగున పేరుకున్న మడ్డిలో వేలు పెట్టి వెతికితే విరిగిన రింగు ముక్కో, బేరింగు పెచ్చో దొరుకుతుంది. వాటిని పారేయరాదు. అవి హత్యాస్థలంలో దొరికిన ఆధారాల వంటివి.

కనెక్టింగ్ రాడ్ల పెద్దకొనలకు రెండు ముక్కలుగా మూతలుంటవి. రాడ్డు, దాని మూత కలిపి ఒక్కటిగా తొలిచినవి. రెండవ రాడ్డు మూత మూడవదానికి పెట్టినా, ఉన్న మూతనే తిప్పి పెట్టినా రంధ్రం గుండ్రంగా వుండదు. అంకెలు కొట్టి వున్నవో లేదో చూచి, లేకపోతే వేసుకునే విప్పాలి. పిస్టన్లు పైకి వస్తవి. తొలి ఎంజీబీలలో ఈ పెద్దకొనలు అడ్డంగా కాక ఏటవాలుగా చీలి వుంటవి. అందువల్ల రాడ్డు ఇరుకైన సిలిండరులోంచి పైకి దూరి రాగలుగుతుంది. పైకి నెట్టేముందు సిలిండరు పైఅంచును వేలితో తడిమి చూడాలి. రింగులు చేరని చోట అరగకుండా మిగిలిపోయిన గట్టు తగిలితే, దాన్ని గీకి తీసిన తరువాతనే పిస్టనును నెట్టాలి. లేకపోతే రింగులు ఆ గట్టుకు తట్టుకుని పిస్టను గాళ్ళు పగులుతవి.

చిట్టచివరికి క్రాంకుషాఫ్టు. 1962లో వచ్చిన ఎంజీబీలలో దీన్ని మూడుచోట్ల బేరింగులు పట్టివుంచేవి. 1964 చివరినుంచి అయిదు చేశారు. వంతెనకు స్తంభాలు పెంచినట్టు, షాఫ్టు వణుకు తగ్గి ఇంజను మరింత దృఢమైంది.

ఎందుకు పోయిందో తెలియాలి

బేరింగు చిప్పలను వరుసగా బల్లమీద పేర్చి చూడండి. పుస్తకంలో అక్షరాల్లా వుంటవి, చదవడం తెలిస్తే.

ఇంజను తిరిగేటప్పుడు షాఫ్టు బేరింగును నిజానికి తాకదు. నడుమ పల్చని నూనెపొర నిలబడి, దాని మీద షాఫ్టు తేలుతూ తిరుగుతుంది. ఎంజీబీ పరుగెత్తేటప్పుడు నూనె ఒత్తిడి చదరపు అంగుళానికి 50 నుంచి 80 పౌన్ల మధ్య వుండాలి. ఊరికే నిలబడి తిరిగేటప్పుడు 10 నుంచి 25. ఆ పొర తెగిన క్షణంలో లోహం లోహాన్ని తాకుతుంది. పెనం మీద నూనె ఆరిపోయిన దోసె గతే. మెత్తని పూత కరుగుతుంది, చిప్ప షాఫ్టును పట్టుకుని తన గూటిలో తానే గిర్రున తిరుగుతుంది, నూనె వచ్చే రంధ్రం మూసుకుపోతుంది. అక్కడినుంచి వినాశం నిమిషాల పని. రాడ్డు నీలిరంగుకు కాలుతుంది, బోల్టు సాగి తెగుతుంది, విడిపోయిన రాడ్డు దిమ్మె గోడను బద్దలుకొట్టి బయటికి వస్తుంది.

చిప్పలన్నీ ఒకే తీరున అరిగివుంటే అది వృద్ధాప్యం. గీతలు గీతలుగా వుంటే మురికి నూనె, అంటే ఫిల్టరు మార్చని నిర్లక్ష్యం. ఒక్కటే కాలిపోయి మిగతావి బాగుంటే, ఆ ఒక్కదానికి నూనె అందలేదన్నమాట, దారి మూసుకుపోయింది. అన్నీ కాలిపోతే సంప్‌లో నూనే లేదు, లేదా పంపు పోయింది. కొత్త చిప్పలు వేసి బిగించడం ఎవరైనా చేస్తారు. ఎందుకు పోయిందో తెలుసుకోకుండా వేసిన కొత్త చిప్పలకు పాత చిప్పల గతే పడుతుంది.

ఇక కొలతలు. ఇక్కడ లెక్క అంగుళంలో వెయ్యోవంతులతో. మైక్రోమీటరుతో షాఫ్టు మెడలను నాలుగువైపులా కొలుస్తారు. గీతలు పడితే గ్రైండింగు చేయించి, వెయ్యింట పదేసి వంతుల చొప్పున తగ్గించి, ఆ మేరకు మందమైన చిప్పలు వేయవచ్చు. సిలిండర్లు పైభాగంలో ఎక్కువ అరిగి కోలగా మారివుంటే రీబోరు చేయించి ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తారు. మరీ పాడైతే లైనర్లు దింపుతారు. షాఫ్టులో కంటికి కనిపించని పగుళ్ళు వుండవచ్చు; దానికి అయస్కాంతశక్తి పట్టించి ఇనుపరజను చల్లితే, పగులు వున్నచోట రజను గీతలా చేరుతుంది. అలా గీత తేలిన షాఫ్టు చూడటానికి ఎంత నిగనిగలాడినా పాతయినుముకే.

వుంచడమా, వదలడమా?

అన్నీ కొలిచి కాగితం మీద వేసుకున్న తరువాత యజమాని ముందు మూడు దారులుంటవి. ఉన్న ఇంజనునే బాగుచేయించడం, అదేజాతి మరో ఇంజను వెతికి తెచ్చుకోవడం, కారునే అమ్ముకోవడం. దిమ్మె గోడ బద్దలైనా ప్రతిసారీ ఆశ వదులుకోనక్కరలేదు. పోత ఇనుమును అతికే నిపుణులున్నారు. అయితే బేరింగుల గూళ్ళు పగిలితే మాత్రం అతుకు నమ్మదగినది కాదు.

ఎంజీబీ యజమానుల అదృష్టమేమంటే, కారు ఆగిపోయి నలభై ఏళ్ళు దాటినా దాని సామాను దొరుకుతూనే వున్నది. 1988లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ పాత అచ్చులతోనే ఎంజీబీ శరీరాలను మళ్ళీ తయారుచేయడం మొదలుపెట్టింది. కాబట్టి శరీరం కొత్తది తెచ్చుకోవచ్చు. పిస్టన్లు, చిప్పలు, గాస్కెట్లు కొత్తవి తెచ్చుకోవచ్చు. తెచ్చుకోలేనిది ఒక్కటే: ఆబింగ్డన్‌లో ఆ కారులో మొదట దించిన ఆ నంబరు దిమ్మె. అందుకే ఖర్చు కాస్త ఎక్కువైనా బాగుపడే అవకాశం వున్న దిమ్మెను తేలికగా వదులుకోరాదు. మరో ఇంజను పెట్టుకున్నా సరే, పాతదానికి నూనె రాసి, గుడ్డ చుట్టి, ఒక మూల భద్రపరచడం తెలివైన పని. రేపు కారు మరొకరి చేతికి పోయినా, దాని ఆస్తి దాని వెంట వెళుతుంది.

చివరగా, ఎంతో శ్రమపడి బాగుచేసిన ఇంజను వందమైళ్ళు తిరగకుండానే మళ్ళీ పోవడానికి కారణమయ్యే భాగం ఒకటున్నది. అది ఇంజనులో లేదు, దాని ఎదుట వున్నది — ఆయిలు కూలరు. పాత బేరింగుల రజను నూనెతోపాటు ప్రవహించి ఆ కూలరు సన్నని గొట్టాలలో దాక్కుంటుంది. కడిగినా అంతా బయటికి రాదు. కొత్త ఇంజను తిరిగిన మొదటి గంటలోనే ఆ రజను కదిలి, కొత్త చిప్పల మీదికి వస్తుంది. బేరింగు పోయిన ఇంజను విప్పినప్పుడు కూలరునూ, దాని గొట్టాలనూ మార్చివేయడమే మంచిది. క్రాంకుషాఫ్టులోని నూనెదారులను కూడా ప్లగ్గులు తీయించి, సన్నని కుంచెతో తోమి, అవతలినుంచి వెలుతురు కనిపించేదాకా కడగాలి.

పాత చిప్పలు, కాలిన గాస్కెట్టు, విరిగిన రింగు ముక్కలు — ఇవన్నీ ఒక డబ్బాలో వేసి వుంచండి. కొత్త ఇంజను వెయ్యి మైళ్ళు నిరపాయంగా తిరిగి, నూనె ముల్లు తన స్థానంలో నిలకడగా నిలిచిన తరువాతనే ఆ డబ్బా పారవేయవచ్చు. అంతవరకు దానిలో వున్నది చెత్త కాదు, సాక్ష్యం.